చీకటి దారిలో 'పిల్లి కన్ను'

నవంబరు వచ్చిందంటే బ్రిటన్‌లో సాయంత్రం నాలుగు దాటగానే చీకటి. పైగా ముసురు. ఆస్పత్రిలో షిఫ్టు ముగించుకున్న డాక్టరైనా, ఆఫీసు నుంచి బయల్దేరిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరైనా.. వీధి దీపాల్లేని రోడ్డెక్కితే దారి చూపేది నడిమధ్యలో మెరిసే చిన్న చిన్న గాజు కళ్లే. రోజూ వాటి మీదుగానే వెళతాం. వాటిని తయారు చేసిందెవరో మాత్రం మనవాళ్లలో చాలామందికి తెలియదు. పదమూడేళ్లకే బడి మానేసిన ఓ యార్క్‌షైర్ మనిషి. పేరు పెర్సీ షా.

కూలీ కొడుకు

1890 ఏప్రిల్ 15న హాలిఫాక్స్‌లో పుట్టారు షా. తండ్రి బట్టల అద్దకం పనిలో కూలీ. ఇంటి నిండా పిల్లలు. పెర్సీకి రెండేళ్లప్పుడు కుటుంబం బూత్‌టౌన్‌లోని ఓ పాత ఇంటికి మారింది. చివరిదాకా ఆయన చిరునామా అదే! 13 ఏళ్లకే మిల్లులో పనికి కుదిరారు. తర్వాత తండ్రితో కలిసి చిన్నాచితకా యంత్రాలు బాగు చేశారు. 1929లో తండ్రి పోయాక ఇళ్ల ముందు బాటలు వేసే పనులు పట్టారు. అందుకు కావాల్సిన రోలరును కూడా సొంతంగా తయారు చేసుకున్నారు. అలా అటు రోడ్డు పని, ఇటు యంత్రం పని రెండూ ఒంటబట్టాయి.

ఆ రాత్రి ఏం జరిగింది?

1933లో ఓ పొగమంచు రాత్రి. క్వీన్స్‌బరీ వైపు నుంచి హాలిఫాక్స్‌కు కారులో వస్తున్నారు షా. కొండ దారి, అన్నీ మలుపులే. ఉన్నట్టుండి చీకట్లో రెండు చుక్కలు తళుక్కుమన్నాయి. కంచె మీద కూర్చున్న పిల్లి కళ్లు! దాంతో తాను రోడ్డు తప్పుతున్నానని గ్రహించి కారును తిప్పుకున్నారట. జనం చెప్పుకొనే కథ ఇదే. దారి పక్క బోర్డు మీది మెరుపు బిళ్లలు చూసి ఆలోచన వచ్చిందని షాయే మరో సందర్భంలో చెప్పారు. లైట్ల వెలుగులో మెరిసే ట్రామ్ పట్టాలే అసలు కారణమన్న కథా ఉంది. ఏది నిజమైతేనేం, చీకట్లో డ్రైవరు పడే అవస్థ మాత్రం ఆయనకు అనుభవమే.

వానే తుడిచిపెడుతుంది

వెలుగును వచ్చిన వైపే తిప్పి పంపే గాజు బిళ్లను అప్పటికే, 1927లో, రిచర్డ్ హాలిన్స్ మర్రే కనిపెట్టారు. షా గొప్పతనమంతా దాన్ని రోడ్డులో బతికించడంలో ఉంది. రోడ్డు మీద దుమ్ము పడుతుంది, బురద చిమ్ముతుంది, లారీ ఎక్కుతుంది. మరి గాజు నిలిచేదెలా? రబ్బరు దిమ్మెలో అటు రెండు, ఇటు రెండు కళ్లు పొదిగారు. దాన్ని పోత ఇనుము గూట్లో కూర్చోబెట్టారు. చక్రం ఎక్కితే దిమ్మె కిందికి అణుగుతుంది. అప్పుడు కళ్లు రబ్బరుకు రాసుకుని శుభ్రమవుతాయి. గూట్లో నిలిచిన వాన నీరే వాటిని కడుగుతుంది. అంటే వాహనాలు తొక్కేకొద్దీ మురికి వదులుతుందన్నమాట!

1934లో పేటెంటు తీసుకున్నారు. 1935లో 'రిఫ్లెక్టింగ్ రోడ్‌స్టడ్స్' కంపెనీ పెట్టారు. మొదట్లో గిరాకీ అంతంతమాత్రమే. 1937లో రవాణా శాఖ రకరకాల బిళ్లలను పరీక్షకు పెడితే షావే నెగ్గాయి. 1939లో యుద్ధం వచ్చింది. బాంబుల భయంతో వీధి దీపాలు ఆర్పేశారు, కార్ల లైట్లకు ముసుగులు తొడిగారు. రోడ్ల మీద చావులు పెరిగాయి. అప్పుడు తెలిసింది ఈ గాజు కళ్ల విలువ. తర్వాతి కాలంలో ఏటా పది లక్షలకు పైగా తయారు చేసే స్థాయికి చేరింది బూత్‌టౌన్ ఫ్యాక్టరీ.

డబ్బు వచ్చింది. 1965లో ఓబీఈ గౌరవమూ దక్కింది. అయినా పాత ఇల్లు వదల్లేదు, పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో తివాచీల్లేవు, కర్టెన్లు లేవు. నాలుగు టీవీలు మాత్రం సౌండ్ లేకుండా నడుస్తూనే ఉండేవి! ఆయనకున్న పెద్ద విలాసం రోల్స్‌రాయిస్ కారు. 1976 సెప్టెంబరు 1న అదే ఇంట్లో కన్నుమూశారు.

మనం చేయాల్సింది

షా బిళ్లకు సొంత వెలుగు లేదు. మనమిచ్చిన వెలుగునే తిరిగిస్తుంది. హెడ్‌లైట్లకు బురద పట్టి ఉంటే అదీ గుడ్డిదే. ఆ మెరుపుల రంగులకు అర్థాలున్నాయి. లేన్ల మధ్య తెలుపు, ఎడమ అంచున ఎరుపు, మధ్య డివైడర్ పక్కన పసుపు నారింజ, పక్క దారులు కలిసే చోట ఆకుపచ్చ. ఎరుపు మీ కుడి చేతి వైపు కనిపిస్తోందంటే రోడ్డు దిగిపోతున్నట్టే.

ఇండియాలోనూ ఎడమ పక్కే కదా నడిపామన్న ధీమా మనవాళ్లకు ఎక్కువ. కానీ తడి రోడ్డు మీద కారు ఆగడానికి కనీసం రెట్టింపు దూరం కావాలని ఇక్కడి హైవే కోడ్ చెబుతోంది. పొడి రోడ్డు మీదే 70 మైళ్ల వేగానికి 96 మీటర్లు! అందుకే వానలో ముందు కారుకు, మనకు నాలుగు సెకన్ల ఎడమైనా ఉండాలి. నీటి పొర మీద స్టీరింగ్ తేలిపోతున్నట్టు అనిపిస్తే గాభరాగా బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటర్ మీంచి మెల్లగా కాలు తీయండి. 100 మీటర్ల అవతల ఏమీ కనబడకపోతే హెడ్‌లైట్లు వేయడం చట్టరీత్యా తప్పనిసరి.

రోడ్డు మరమ్మతుల దగ్గర 'క్యాట్స్ ఐస్ రిమూవ్డ్' అన్న బోర్డు కనిపిస్తే పిల్లులకేమైందోనని కంగారు పడొద్దు. షా బిళ్లలను తాత్కాలికంగా తీసేశారని దానర్థం. అక్కడ దారి చూపేవాడు లేడు. వేగం తగ్గించాల్సింది మనమే.