ప్లేగు ఇళ్లలో అడుగుపెట్టిన భాగ్యరెడ్డి వర్మ

మే 22 వస్తే కరీంనగర్, ఆదిలాబాద్‌లలో కూడా భాగ్యరెడ్డి వర్మ పటానికి దండలు పడతాయి. వక్తలు ఆది హిందూ ఉద్యమం గురించి, ఆయన పెట్టిన బడుల గురించి మాట్లాడతారు. ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో ఆయన కార్యకర్తలు చేసిన సేవ మాత్రం ఒక్క వాక్యంలో దాటిపోతుంది. ఆ వాక్యం దగ్గరే కాసేపు ఆగాలన్నది మా ఉద్దేశం. నేల కడగడం, రోగాన్ని ఆపడం, కులం, ఈ మూడూ అక్కడే ముడిపడి ఉన్నాయి.

ఆయన అసలు పేరు మాదరి భాగయ్య. 1888లో హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టాడు. ఈ నేలకు ఆదిలో ఏలికలు మనవాళ్లేనని, రెడ్డి అంటే ఏలిక అని చెప్పి ఇంటి గురువు ఆయనకు భాగ్యరెడ్డి అని పేరు పెట్టాడంటారు. వర్మ బిరుదు 1913లో ఆర్యసమాజం వైపు నుంచి వచ్చింది. చిన్నతనంలో దోస్ శాంటోస్ అనే బారిస్టరు ఇంట్లో పనికి కుదిరి, అక్కడే చదువు మీద ఆసక్తి పెంచుకున్నాడు. 1906లో జగన్ మిత్ర మండలి పెట్టాడు. హరికథలు, భజనలతో వాడల్లో తిరిగాడు. 1910లో ఇసామియా బజార్‌లో మొదటి బడి, 1911లో మాన్య సంఘం. అప్పటికాయనకు ఇరవై మూడేళ్లు.

ఆ కాలపు హైదరాబాద్‌ను గుర్తు చేసుకోవాలి. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద ఊరిని ఊడ్చుకుపోయింది. దాని వెనుకే ప్లేగు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడడానికి ఈ రెండూ కారణాలే. 1918లో ఇన్‌ఫ్లుయెంజా దేశమంతటా కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది.

ప్లేగు మీద అప్పటి ప్రభుత్వాలకు తెలిసిన మొదటి మందు నేలను కడగడమే. 1896లో బొంబాయిలో మొదలైనప్పుడు ఇళ్లలోకి గొట్టాలతో నీళ్లు కొట్టారు, కార్బాలిక్ ద్రావణం చల్లారు, గోడలకు సున్నం వేశారు, మట్టి నేలల్ని తవ్విపోశారు. రోగం నేలలో, మురికిలో ఉందనుకున్నారు. ఎలుక ఒంటి మీది గోమారే దాన్ని మోస్తోందని 1898లో పాల్ లూయీ సిమోండ్ కరాచీలో చూపించాడు. చాలామంది నమ్మలేదు. 1905 నుంచి ప్లేగు కమిషన్ చేసిన ప్రయోగాల తర్వాతే ఆ మాట నిలబడింది. అంటే అన్నేళ్ల కడుగుడు చాలావరకు గురితప్పిన పని. మురికి మనిషి, మురికివాడ అన్న ముద్ర మాత్రం పేదల మీద అట్లాగే మిగిలిపోయింది.

ఈ ముద్రే భాగ్యరెడ్డి వర్మకు ఎదురైన అసలు చిక్కు అని మాకనిపిస్తుంది. ఆయన వాడల్లో కల్లు మానమన్నాడు, చచ్చిన పశువు మాంసం తినొద్దన్నాడు, ఒంటినీ ఇంటినీ శుభ్రంగా ఉంచుకోమన్నాడు. ఇది పైకులాల నింద ఒప్పుకోవడమేనని ఇప్పటి విద్యార్థులు కొందరంటారు. ఆ విమర్శలో బలముంది, ఆర్యసమాజపు భాష ఆయన మాటల్లో కనిపిస్తుంది కూడా. కానీ అదే మనిషి స్వస్తిక్ దళ్ పేరుతో కార్యకర్తల్ని కూడగట్టి అంటురోగాల వేళ రోగుల సేవకు దించాడు. అయినవాళ్లే గడప తొక్కడానికి భయపడే ఇల్లది. ముట్టుకుంటే మైల అని ఎవరిని అన్నారో, ముట్టుకుంటే ప్రాణం పోయే చోటికి వాళ్లే నడిచిపోయారు. ఎవరి హుకుం మీదా కాదు, తమ సంఘం తరఫున. వెట్టికీ దీనికీ తేడా అదే.

వెట్టి సంగతి ఉత్తర తెలంగాణకు చెప్పనక్కర్లేదు. దొరల గడీల ముంగిట ఊడ్చి సాన్పి జల్లింది ఎవరో, కూలి లేకుండా ఎన్ని తరాలు జల్లారో కరీంనగర్ పల్లెలకు తెలుసు. 1978 జగిత్యాల జైత్రయాత్ర దాకా ఆ లెక్క తేలలేదు. గడీ నేల అద్దంలా ఉండేది. ఊడ్చినవాళ్ల వాడలో చేదబావి ఉండేది కాదు. నీళ్లు లేని చోట నేల కడగమని చెప్పడం ఏం న్యాయం?

1917 నవంబర్‌లో బెజవాడ పంచమ మహాసభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించాడు. సభ పేరును ఆది ఆంధ్రగా మార్చించాడు. ఆ మూడు రోజులు కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాద్ సంస్థానంలో ఆది హిందువులన్న పేరు నమోదైంది. పాతిక దాకా బడులు, వాటిలో రెండున్నర వేల మంది పిల్లలు. తర్వాత వాటిని నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. లోపాలూ ఉన్నాయి. ఉద్యమం ఎక్కువగా జంటనగరాల్లోనే తిరిగింది, నాయకత్వం ఎక్కువగా మాలలదే. మాదిగలు ఈ మాట అప్పుడే అన్నారు. నగరం మలం ఎత్తిన మెహతర్ల గొంతు అందులో మాకు పెద్దగా వినిపించదు.

2020 మార్చిలో కరీంనగర్ రాష్ట్రంలో మొదటి కోవిడ్ కట్టడి ప్రాంతాల్లో ఒకటైంది. వీధుల్లో సోడియం హైపోక్లోరైట్ పిచికారీ చేశారు. బయట నేలల మీద అట్లా చల్లడం వల్ల ప్రయోజనం లేదని, మట్టీ మురికీ ఆ మందును పనిచేయనివ్వవని, చల్లేవాళ్లకే కళ్లమంట, ఊపిరి ఇబ్బంది అని ఆ మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. సిమోండ్ కథే మళ్లీ. ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేల్లో జ్వరాలు, వాంతులు మొదలయ్యాక బ్లీచింగ్ పౌడర్ చల్లిపోవడం ఇంకో తీరు. చెమ్మ తగిలిన సంచిలో క్లోరిన్ ఎంత మిగిలిందో చూసేదెవరు?

భాగ్యరెడ్డి వర్మ 1939 ఫిబ్రవరి 18న యాభై ఏళ్లకే కన్నుమూశాడు. మొన్నటి జయంతికి మేం ఒక కార్యాలయానికి వెళ్లాం. సభ మొదలయ్యేలోగా ఒక ఔట్‌సోర్సింగ్ కార్మికురాలు చేతులకు తొడుగులు లేకుండా హాలంతా ఫినాయిల్‌తో తుడిచింది. దండ వేసే వేళకు ఆమె బకెట్ పట్టుకుని వరండా చివర నిలబడి ఉంది. లోపలికి ఎవరూ పిలవలేదు, మేం కూడా.