మంజీరాను మళ్లించిన ఇంజినీర్

పోచంపాడ్ దగ్గర శ్రీరాంసాగర్ డ్యామ్ చూసే ఉంటారు. 1963లో నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. అంతకు మూడు దశాబ్దాల ముందే ఉమ్మడి నిజామాబాద్ జిల్లాకు పెద్ద కాలువ తెచ్చిన ఇంజినీర్ ఒకాయన ఉన్నారు. ఏఈఈ పరీక్షకు చదువుతున్నవాళ్లు ఆయన పేరు వినే ఉంటారు. ఆయనే నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టిన జులై 11నే తెలంగాణ ఇంజినీర్స్ డేగా జరుపుకొంటున్నాం. ఆ ఒక్క బిట్ గుర్తుపెట్టుకుని వదిలేయకండి. రేపు మీరు చేయబోయే ఉద్యోగానికి పనికొచ్చే విషయం ఆయన కథలో ఉంది.

చదువు, కొలువు

అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877లో పుట్టారు. ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజినీరింగ్ చదివారు. తిరిగొచ్చి నిజాం ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరి, చీఫ్ ఇంజినీర్ స్థాయికి ఎదిగారు. హిమాయత్‌సాగర్, పాలేరు, వైరా ఆయన హయాంలో వచ్చినవే. 1938లో ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో నీటిపారుదల ఉపసంఘానికి అధ్యక్షత వహించారు. 1949లో కన్నుమూశారు.

కరెంటు అక్కర్లేని కాలువ

ఆయన పనుల్లో మనకు దగ్గరిది నిజాంసాగర్. మంజీరా మీద 1923లో పని మొదలై 1931లో పూర్తయింది. కట్ట పొడవు దాదాపు 3 కిలోమీటర్లు, ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. ఇక్కడ గమనించాల్సింది కాలువ వాలు. మోటారు లేదు, పంపు లేదు. నేల వాలును పట్టుకుని నీళ్లు వాటంతటవే పొలాలకు చేరేలా లెక్క కట్టారు. ఆ నీటితోనే బోధన్ చుట్టూ చెరకు పెరిగింది, శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది.

మరి అంత పక్కా లెక్క ఎక్కడ తప్పింది? కాగితం మీద కాదు, మనుషుల తీరులో. ఎగువన చెట్లు పోయి, నేల దున్నిన కొద్దీ మట్టి కొట్టుకొచ్చింది. దాదాపు 30 టీఎంసీలు పట్టే జలాశయం 1970ల నాటికి 12 టీఎంసీలకు పడిపోయింది. నీటిమట్టం పెంచి సామర్థ్యాన్ని 18 టీఎంసీల దగ్గరికి తెచ్చారు. హైదరాబాద్ దాహం తీర్చడానికి ఎగువన సింగూరు వచ్చింది. కాలువ మొదట్లో ఉన్నవాళ్లు వరికి నిండా పెట్టుకుంటే, చివరి పొలానికి మిగిలేది తక్కువే కదా!

దాంతో నవీపేట, మాక్లూర్ వైపు భూముల కోసం అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలు కట్టాల్సి వచ్చింది. పోచంపాడ్ డ్యామ్ వెనక నిలిచే గోదావరి నీటినే అవి తోడిపోస్తాయి. అంటే ఒకప్పుడు వాలుతో వచ్చిన నీళ్లకు ఇప్పుడు కరెంటు ఖర్చు తోడైంది. ఫ్యాక్టరీ కథ కూడా 2015లో ఆగిపోయింది.

మీకేంటి?

సివిల్ చదివితే కాంక్రీటు, డిజైన్ వస్తే చాలనుకుంటాం. కానీ ఉద్యోగంలో చేరాక మీ ముందుకొచ్చేవి వేరే ప్రశ్నలు. పూడిక ఎంత చేరింది? తూముల దగ్గర వంతు ఎవరు పాటిస్తున్నారు? రైతు ఈసారి ఏ పంట వేస్తాడు? పంపు ఎన్ని గంటలు నడవాలి? నీటిపారుదల శాఖ అయినా, విద్యుత్ సంస్థ అయినా, ఉపగ్రహ చిత్రాలతో పంటల లెక్క తీసే ప్రైవేటు కంపెనీ అయినా వీటికి జవాబు తెలిసినవాళ్లే కావాలి.

ఒక ఆదివారం బైక్ తీయండి. నిజాంసాగర్ నుంచి కాలువ వెంటే బోధన్ దాకా వెళ్లండి. అటునుంచి మంజీరా గోదావరిలో కలిసే కందకుర్తి చూడండి. దారిలో లష్కర్లతో, చివరి పొలం రైతుతో మాట్లాడండి. ఇంటర్వ్యూలో మీ ప్రాంతం గురించి అడిగితే, పుస్తకంలో లేని జవాబు మీ దగ్గర ఉంటుంది.