చార్లెస్ వాకర్ పోస్నెట్

చార్లెస్ వాకర్ పోస్నెట్ మెదక్ చర్చిని నిర్మింపజేసిన బ్రిటిషు క్రైస్తవ మతబోధకుడు. వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున 1895లో నిజాం రాజ్యానికి వచ్చి, మెదక్ కేంద్రంగా సుమారు నాలుగు దశాబ్దాల పాటు పనిచేశాడు. కరువు కాలంలో ఆకలితో ఉన్న గ్రామస్తులకు పని కల్పిస్తూ ఈయన కట్టించిన చర్చి 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడే ప్రతిష్ఠించబడింది. తెలంగాణలో క్రిస్మస్ దీపాలంకరణను చూడటానికి జనం పెద్ద సంఖ్యలో వచ్చే ప్రదేశాలలో ఇది ముఖ్యమైనది.

మెదక్ రాక

పోస్నెట్ మొదట సికింద్రాబాదు సమీపంలోని తిరుమలగిరి దండులో బ్రిటిషు సైనికుల మధ్య మతాచార్యుడిగా పనిచేశాడు. ఆ పని తృప్తినివ్వకపోవడంతో పల్లెల వైపు దృష్టి మరల్చాడు. 1896లో మెదక్ చేరి, మొదట డాక్ బంగళాలో బస చేసి, తరువాత అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. అప్పటికి ఆ ప్రాంతంలో క్రైస్తవుల సంఖ్య చాలా స్వల్పం. క్రమంగా మిషన్ ఆవరణలో పాఠశాల, ఆసుపత్రి వంటివి ఏర్పడ్డాయి. ఈయన సోదరి ఎమిలీ పోస్నెట్ కూడా మెదక్‌లో స్త్రీల మధ్య పనిచేసింది. ఈ ప్రాంతంలో కొత్తగా క్రైస్తవంలో చేరినవారిలో అధికులు మాల, మాదిగ కులాలకు చెందినవారు.

ఆ రోజులలో వేర్వేరు మిషన్లు నిజాం రాజ్యంలోని ప్రాంతాలను పంచుకుని పనిచేసేవి. మెదక్ వెస్లియన్ మిషన్ క్షేత్రం కాగా, దానికి నైరుతిగా ఉన్న వికారాబాదు, తాండూరు ప్రాంతాలలో అమెరికా మెథడిస్టులు పనిచేశారు.

కరువు పనిగా చర్చి నిర్మాణం

పెరిగిన సంఘానికి పాత ప్రార్థనా మందిరం చాలలేదు. పెద్ద చర్చి పనులు 1914లో మొదలయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైన సంవత్సరమూ అదే. ఆ కాలంలో మెదక్ ప్రాంతం తీవ్రమైన కరువుతో బాధపడింది. పంటలు లేక, చేయడానికి పని లేక గ్రామాలలో ప్రజలు పస్తులుండేవారు. ఊరకే దానం చేయడం కంటె పని కల్పించి దానికి ప్రతిఫలంగా తిండి సమకూర్చడం మేలని పోస్నెట్ భావించాడు. తరువాతి కాలపు పనికి ఆహార పథకంతో దీనిని పోల్చవచ్చు. మెదక్ చర్చిని పోస్నెట్ కట్టించిన చర్చి అని చెప్పుకోవడం వాడుక. అయితే దాని రాళ్ళు మోసినది, గోడలు లేపినది ఆ కరువు పీడిత గ్రామస్తులే.

గోతిక్ శైలిలోని ఈ చర్చి రూపకల్పన ఇంగ్లాండులోని బోల్టన్‌కు చెందిన బ్రాడ్షా గాస్ అండ్ హోప్ సంస్థది. చర్చి పొడవు సుమారు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంట గోపురం ఎత్తు 175 అడుగులు. లోపల ఒకేసారి సుమారు 5,000 మంది ప్రార్థనలో పాల్గొనవచ్చు. నేలపై పరచిన రంగు పలకలు బ్రిటన్ నుండి తెప్పించినవి. నిర్మాణానికి మొత్తం పదేళ్ళు పట్టింది.

రంగుటద్దాల కిటికీలు

ఈ చర్చిలో మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. వీటి చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ. ప్రతిష్ఠ జరిగిన 1924 క్రిస్మస్ నాటికి వీటిలో ఒక్కటి కూడా లేదు. వేదిక వద్ద క్రీస్తు ఆరోహణాన్ని చూపే కిటికీ 1927లోను, పడమట క్రీస్తు జననాన్ని చూపేది 1947లోను, తూర్పున సిలువను చూపేది 1958లోను అమర్చబడ్డాయి. అంటే క్రిస్మస్ కథను చెప్పే కిటికీ చర్చికి చేరడానికి 23 సంవత్సరాలు పట్టింది. అప్పటికి పోస్నెట్ మెదక్‌లో లేడు.

ఇటువంటి కిటికీలలో రంగు గాజు ముక్కలను సీసపు పట్టీలతో అతుకుతారు. బయటి నుండి సూర్యకాంతి గాజు గుండా ప్రసరించినపుడు లోపల ఉన్నవారికి బొమ్మ కనిపిస్తుంది. పొద్దు గూకిన తరువాత చర్చి లోపల ఎన్ని దీపాలు వెలిగించినా బొమ్మ రంగులు తేలవు. కనుక కిటికీలను చూడదలచినవారు సూర్యాస్తమయానికి ముందే చర్చిలోకి వెళ్ళాలి.

క్రిస్మస్ దీపాలంకరణ

క్రిస్మస్ రోజులలో చర్చి గోపురాన్ని, ఆవరణను విద్యుద్దీపాలతో అలంకరిస్తారు. డిసెంబరు 25న తెల్లవారుజామున మొదటి ఆరాధన జరుగుతుంది. తెలంగాణలోని అనేక ప్రాంతాల నుండి, పొరుగు రాష్ట్రాల నుండి అన్ని మతాలవారు వచ్చి చూస్తారు. వికారాబాదు, తాండూరు వంటి పట్టణాలలో కూడా ఈ రోజులలో చర్చిలకు, క్రైస్తవుల ఇళ్ళకు సీరియల్ బల్బులు కట్టి, వాకిట నక్షత్రాలు వేలాడదీస్తారు. వీధి వీధి తిరిగి ఈ నక్షత్రాలను చూడటం పిల్లలకు వేడుక. క్రీస్తు పుట్టినపుడు తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపిన చుక్కకు ఈ నక్షత్రం గుర్తు.

తరువాతి కాలం

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినపుడు వెస్లియన్ మిషన్ సంఘాలు అందులో చేరాయి. మెదక్ చర్చి మెదక్ అధ్యక్ష మండలానికి ప్రధాన దేవాలయమైంది. పోస్నెట్ జీవితచరిత్రను సాకెట్ ఆంగ్లంలో రచించగా 1951లో లండనులో ప్రచురితమైంది. 2024 డిసెంబరు 25న చర్చికి నూరేళ్ళు నిండాయి. కరువు నాటి కూలీలు కట్టిన ఆ గోపురమే నేటికీ మెదక్ పట్టణానికి దూరం నుండి కనబడే గుర్తు.