పాల్కురికి సోమనాథుడు

ఓరుగల్లు కాకతీయ చక్రవర్తులకు రాజధానియై వెలుగొందిన దినములవి. ఒకనాడు ప్రతాపరుద్ర మహారాజు నగరమునందలి శివాలయమునకు దర్శనార్థమై వచ్చెనట. ఆలయమున భక్తులు గుంపుగా గూడి, ఒకరు చదువుచుండగా తక్కినవారు తన్మయులై వినుచుండిరి. కొందరి కన్నులు చెమ్మగిల్లియుండెను. మహారాజు అచ్చెరువొంది, అచట చదువబడుచున్న గ్రంథ మేదియని ప్రక్కనున్న పండితు నడిగెను. అది పాల్కురికి సోముడను వాడు ఈ నడుమనే ద్విపదలో కట్టిన కథ యనియు, పెద్దల మర్యాదకు లోబడని రచన యనియు, ప్రభువులు నిలిచి వినదగినది కాదనియు ఆ పండితుడు పలికెను. రాజు మాఱుమాటాడక తన దారిని వెడలిపోయెను. భక్తులు మాత్రము కదలలేదు. వారు వినుచునే యుండిరి.

ఈ వృత్తాంతమును తరువాతి కాలపు కవియగు పిడుపర్తి సోమనాథుడు చెప్పియున్నాడు. పాల్కురికి సోమనాథుని జీవితమంతయు ఈ చిన్న కథలో ఇమిడియున్నది. ఒకవైపున రాజాస్థానము, పండితుల మన్నన. మఱియొకవైపున గుడి ముంగిట గూర్చున్న సామాన్య జనము. ఈ రెండింటిలో ఆయన జనమునే కోరుకొనెను.

సోమనాథుని తల్లి శ్రియాదేవి, తండ్రి విష్ణురామిదేవుడు. ఆయన స్వస్థలమగు పాల్కురికి నేడు జనగామ జిల్లాలో పాలకుర్తి యను పేర నున్నది. నిన్న మొన్నటివరకు అది వరంగల్లు జిల్లాలోనిదే. మహాకవి పోతన గ్రామమని ప్రసిద్ధి గాంచిన బమ్మెర కూడ ఆ మండలమునందే యున్నది. ఆ నేల తెలుగు కవిత్వమునకు ఇరువురు మహానుభావులను ప్రసాదించినది.

సోమనాథుడు వేదవేదాంగముల నెఱిగిన పండితుడు. సంస్కృతముననే గాక కన్నడమునను ఆయన కెంతో ప్రవేశముండెను. తలచినచో సంస్కృత సమాసములతో నిండిన కావ్యములు వ్రాసి పండితులచే శభాష్ అనిపించుకొనగలవాడే. నన్నయభట్టు 11వ శతాబ్దిలో భారతమును ఆరంభించిన నాటినుండి గద్యపద్యములు కలిసిన చంపూ రచనయే తెలుగున గౌరవము పొందుచు వచ్చెను. వృత్తపద్యముల నర్థము చేసికొనుటకు చదువు కావలెను. చదువు ఆ దినములలో కొందరికే దక్కెడిది. పొలమున నాటు వేయు స్త్రీకిని, చాకిరేవున బట్టలుదుకు వానికిని, అడవిలో వేటాడు బోయకును ఆ కావ్యములు అందనివే.

ఆ కాలమున బసవేశ్వరుని బోధలు కన్నడ దేశమునుండి తెలుగు నేలకు వ్యాపించుచుండెను. 12వ శతాబ్దిలో కల్యాణ నగరమున బిజ్జలుని మంత్రిగా నుండిన బసవేశ్వరుడు, శివభక్తులలో ఎక్కువ తక్కువలు లేవని చాటినవాడు. ఆ మహాత్ముని చరిత్రమును అందరికిని వినిపింపవలెనని సోమనాథుడు సంకల్పించెను. అందరికిని వినిపింపవలెనన్నచో అందరి నోటను పలుకు భాష కావలెను. అందుకే ఆయన జాను తెనుగును, ద్విపదను గ్రహించెను.

ద్విపద మన దేశీ ఛందస్సు. దీనికి రెండే పాదములు. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. నడక సులభము, పాడుకొనుటకు ఇంపు. నిరక్షరాస్యులు సైతము నాలుగుమార్లు విన్నచో కంఠస్థము చేసికొనగలరు. ఇట్టిది పామరుల పాటకే గాని కావ్యమునకు తగదని పండితులు తలంచుచుండగా, సోమనాథుడు బసవపురాణమును ద్విపదలోనే ఏడు ఆశ్వాసములుగా రచించెను. గద్యపద్యముల కంటె సరళమగు తెనుగు ఎల్లవారికిని ఆదరపాత్రమని ఆ గ్రంథమున తానే వివరించెను.

బసవపురాణమున రాజుల కథలు కొలదియే. అందు సామాన్యులే నాయకులు. శివునకు తల్లి లేదని జాలిపడి, తానే తల్లియై ఆయనకు లాలపోసిన బెజ్జమహాదేవి యందు కలదు. గుడికి పాలు గొనిపోయి, దేవుడు నిజముగా త్రాగునని నమ్మిన ముగ్ధబాలిక గొడగూచి కలదు. బట్టలుదుకు మడివాలు మాచయ్య, కిన్నెర వాయించు కిన్నెర బ్రహ్మయ్య, కన్నులనే అర్పించిన కన్నప్ప కలరు. ఈ కథలు విన్నవారు తమ యింటివారి కథలే విన్నట్లు పొంగిపోయిరి. అయితే సోమనాథుడు తన మతమును నిలుపు పట్టుదలతో అన్యమతములను కొన్నియెడల పరుషముగా నిందించెను. ఆ కాలపు మతవివాదముల తీవ్రత అందు కానవచ్చును.

సోమనాథుని మఱియొక గొప్ప కృతి పండితారాధ్య చరిత్రము. ఇదియును ద్విపదయే. దీనియందు ఐదు ప్రకరణములు కలవు. మల్లికార్జున పండితారాధ్యుడు బసవేశ్వరుని చూడగోరి బయలుదేరి, మార్గమధ్యముననే బసవని లింగైక్యమును గూర్చి విని దుఃఖించి, శ్రీశైలమునకు చేరుట ఇందలి ప్రధాన కథ. తుది ప్రకరణమగు పర్వత ప్రకరణమున శ్రీశైల యాత్ర వర్ణింపబడినది. శివరాత్రికి నలుదిక్కులనుండి జనము కొండ నెక్కుచుందురు. ఎవరి పాట వారిది; ఎవరి వాద్యము వారిది. సోమనాథుడు ఆ జనములో నిలిచి చెవియొగ్గి విన్నవాని వలె ఒక్కొక్కదానిని పేరు పెట్టి చెప్పెను.

తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, శంకర పదములు, నివాళి పదములు, వాలేశు పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు అని ఆయన పేర్కొనెను. రోకటి పాటలను గూడ విడువలేదు. వీణలలోని భేదములను, రాగముల పేర్లను, తోలుబొమ్మలాటలను, బహురూపములను, ఆటగాండ్ర విద్యలను వివరించెను. వినగోరువానికి ఇన్ని పాటలు కలవు, వెదకి వినుమని ఆయన వేలు పెట్టి చూపినట్లున్నది. పేళ్ళే వాటి సందర్భములను దెలుపుచున్నవి. వేకువనే పాడునవి ప్రభాత పదములు. హారతి పట్టునప్పుడు పాడునవి నివాళి పదములు. ధాన్యము దంచునప్పుడు శ్రమ తెలియకుండ పాడునవి రోకటి పాటలు. సంక్రాంతి నెలలో గొబ్బెమ్మల చుట్టు తిరుగుచు పాడు పాటలు నేటికిని మన పల్లెలలో వినబడుచున్నవి.

అయినను ఇందు ఒక విచారము కలదు. సోమనాథుడు పాటల పేళ్ళను చెప్పెను గాని, ఆ పాటలను వ్రాసి యుంచలేదు. నాడు అవి ప్రతి నోటను ఉండుటచే వ్రాయనక్కఱలేదని తోచి యుండవచ్చును. తరములు గడచిన కొలదిని పాడువారు పోయిరి. వారితో పాటలును పోయినవి. తుమ్మెద పదముల నాటి వరుస యెట్లుండెనో నేడు చెప్పగలవారు లేరు. ఆయన గ్రంథమే లేకున్నచో ఆ పేళ్ళయినను మనకు మిగిలెడివి కావు.

కూలిజనుల పాటను చిన్నచూపు చూచుట ఒక్క మన దేశముననే జరిగినది కాదు. ఆఫ్రికానుండి బానిసలుగా అమెరికాకు గొనిపోబడిన నల్లజాతివారు ప్రత్తిచేలలో పనిచేయుచు తమ కష్టములను పాటలుగా పాడుకొనిరి. వారి సంతతివారి నోట ఆ పాటలనుండియే బ్లూస్ అను సంగీతము పుట్టెను. చాల కాలము దానిని సంగీతముగా నెవరును గణింపలేదు. విలియం క్రిస్టఫర్ హాండీ అను నల్లజాతి సంగీత విద్వాంసుడు మిసిసిపి రాష్ట్రమున ఒక రైలు స్టేషనులో చినిగిన బట్టలతోనున్న బీదవాడొకడు గిటారు తీగెలపై కత్తి నొత్తి వాయించుచు పాడుట విని ఆశ్చర్యపడెను. ఆయన 1912లో మెంఫిస్ బ్లూస్ అను కృతిని అచ్చు వేయించెను. 1923లో బెస్సీ స్మిత్ అను గాయని పాడిన గ్రామఫోను రికార్డులు దేశమంతట మారుమ్రోగెను. ప్రత్తిచేని పాటకు లోకమంతయు చెవియొగ్గెను. హాండీ 20వ శతాబ్దిలో చేసిన పనిని, అచ్చుయంత్రము గాని రికార్డు గాని లేని కాలమున, మన సోమనాథుడు తాటియాకుపై గంటముతో చేసెను.

సోమనాథుడు ఇంకను అనేక కృతులు రచించెను. అనుభవసారము, చతుర్వేదసారము, బసవోదాహరణము మున్నగునవి వానిలో కొన్ని. ఆయన వృషాధిప శతకము తెలుగున తొలి శతకములలో నొకటిగా పేరొందినది. బసవపురాణమును 1369లో భీమకవి కన్నడమునకు మార్చెను. పిడుపర్తి సోమనాథుడు దానినే పద్యములుగా వ్రాసెను. 1990లో అది ఆంగ్లమునను వెలువడినది. ద్విపదయు సోమనాథునితో ఆగిపోలేదు. రంగనాథ రామాయణము, పల్నాటి వీరచరిత్ర, తాళ్ళపాక తిమ్మక్క సుభద్రాకల్యాణము ఆ త్రోవలో నడచినవే.

20వ శతాబ్దిలో ఓరుగల్లు ప్రాంతమునకే చెందిన ఆచార్య బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయములపై ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధన చేసి డాక్టరు పట్టము పొందెను. సోమనాథుడు పేర్కొన్న పాటల పేళ్ళు అట్టి పరిశోధకులకు తొలి ఆధారములైనవి. అపమానింపబడిన ద్విపద విశ్వవిద్యాలయమున పాఠ్యగ్రంథమైనది.

నాటి ఓరుగంటి కోట నేడు శిథిలమై, రాతి తోరణములు మాత్రము నిలిచియున్నవి. ఆలయమున నిలువక వెడలిపోయిన రాజుతో పాటు ఆయన రాజ్యమును పోయినది. నాడు భక్తులు కూర్చుండి విన్న బసవపురాణము నేటికిని నిలిచియున్నది. మన ఇండ్లలో అవ్వలు పాడు పాటలు ఇంకను కొన్ని మిగిలియున్నవి. ఆ పాటలను శ్రద్ధతో విని, నేర్చి, వ్రాసి యుంచుకొనువారే పాల్కురికి సోమనాథునకు నిజమైన వారసులు.