బాలవాడీల దుర్గాబాయి

మా నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో పత్తితీతలూ, మిరపకోతలూ వస్తే బడి పలచబడటం మేమెరిగిందే. అమ్మ కూలికి పోతుంది, తమ్ముణ్ణి చూసుకుంటూ అక్క ఇంటి దగ్గరే ఉండిపోతుంది. అందుకేనేమో, శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితంలో బాలవాడీల ఘట్టమే నాకు పెద్దదిగా తోస్తుంది.

1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమె, పసితనం వీడకుండానే కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. 1923 కాకినాడ కాంగ్రెసప్పుడు ఖద్దరు ప్రదర్శనశాల వాకిట, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపిన కథ అందరూ చెప్పుకునేదే! ఉప్పు సత్యాగ్రహం, జైలు, లా పట్టా, రాజ్యాంగసభ అన్నీ అయ్యాక, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. బోర్డు పల్లెల్లో పెట్టిన సంక్షేమ విస్తరణ పథకాల్లో బాలవాడీలు వెలిశాయి. బడియీడు రాని పిల్లలకు ఆటాపాటా, తల్లులకు అక్షరాలూ చేతిపనీ అక్కడే. 1958లో స్త్రీ విద్యపై జాతీయ సంఘానికీ ఆమే అధ్యక్షురాలు. ఈ రెండు పనులనూ నేను విడదీసి చూడలేను. తమ్ముడు బాలవాడీలో కూర్చుంటేనే గదా అక్క చేతికి పలక వచ్చేది!

1975లో అంగన్‌వాడీల పథకం మొదలైంది. 1981లో ఆమె కన్నుమూశారు. జగ్గయ్యపేటలో కలిగినవారి బిడ్డ మూడో ఏటనే ఎల్.కె.జి. వ్యానెక్కుతాడు. కూలితల్లి బిడ్డకు ఇప్పటికీ అంగన్‌వాడీయే మొదటి బడి.