సర్ థామస్ మన్రో

బళ్ళారి చుట్టుపక్కల పొలాల్లో నడిచేవారికి నేల మారుతూ కనిపిస్తుంది. ఒకచోట నల్లరేగడి, దాని పక్కనే ఎర్రనేల, మరికొంత దూరంలో గులకరాళ్ళ గరుసు. రేగడి తడిని చాలా రోజులు పట్టి ఉంచుతుంది. గరుసునేల వాన వెలిసిన నాలుగు రోజులకే ఆరిపోతుంది. వీటన్నిటికీ ఒకే శిస్తు కడితే రైతు బతకలేడు. ఈ సంగతిని పొలం గట్ల మీద తిరిగి తెలుసుకొన్న అధికారి థామస్ మన్రో.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. హైదరాలీతోను, టిప్పు సుల్తానుతోను జరిగిన యుద్ధాల్లో పాల్గొన్నాడు. తర్వాత బారామహల్ సీమలో కెప్టెన్ రీడ్ కింద ఏడేళ్ళు పనిచేసి శిస్తు వ్యవహారాలు నేర్చుకొన్నాడు.

1800లో నిజాం బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలు సీమలో కొంత భాగాన్ని కంపెనీకి ఇచ్చివేశాడు. ఇవే దత్తమండలాలు. మన్రో వీటికి ప్రధాన కలెక్టరుగా వచ్చి, అనంతపురం కేంద్రంగా పనిచేశాడు. అప్పటికి ఈ సీమ ఎన్నో చేతులు మారి ఉంది. వచ్చినవారంతా దొరికినంత వసూలు చేసుకొన్నారు. వచ్చే ఏడు పొలం తనదో కాదో తెలియని రైతు దానికి గట్టు ఎందుకు వేస్తాడు? ఎరువు ఎందుకు తోలుతాడు? గట్టు లేని పొలంలో పైమన్ను వానకు కొట్టుకుపోతుంది. ఆ మన్నే చెరువులో పూడికగా చేరుతుంది. రేగడి బీడు పడితే గడ్డి వేళ్ళు లోతుకు దిగుతాయి. దాన్ని మళ్ళీ సాగులోకి తేవాలంటే పెద్ద మడక, ఎన్నో కాండ్ల ఎద్దులు కావాలి. పేదరైతుకు అవి ఎక్కడివి?

మన్రో ఎక్కువ కాలం గుడారాల్లోనే గడుపుతూ ఊరూరా తిరిగాడు. 1802లో భూముల కొలత మొదలుపెట్టించాడు. గొలుసు పొడవు 33 అడుగులు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న నేల ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం. నేటికీ పహణీల్లో కనిపించే గుంట ఇదే. కొలిచిన తర్వాత మెట్ట, మాగాణి, తోట అని విడదీసి, నేల సారాన్ని బట్టి తరగతులు కట్టారు. కరణాలు, రెడ్లు, రైతులు కూడా ఆ పనిలో ఉన్నారు.

లెక్కలు తేలాక మన్రోకు ఒక నిజం అర్థమైంది. శిస్తు పంటలో నూటికి 45 వంతుల దాకా ఉంది. అంత భారంతో భూమి బాగుపడదు. 1807లో ఆయన శిస్తును నాలుగో వంతు తగ్గించాలని, బావుల కింది భూములకు మూడో వంతు తగ్గించాలని పైవారికి రాశాడు. సొంత ఖర్చుతో బావి తవ్వుకొన్న రైతుపై అదనపు శిస్తు వేయరాదని కూడా సూచించాడు. కంపెనీ అప్పుడు ఒప్పుకోలేదు. ఆయన ఇంగ్లండు వెళ్ళాక గ్రామాలను గుత్తకు ఇచ్చింది. చాలామంది గుత్తదారులు చితికిపోయారు. చివరకు రైతువారీ పద్ధతే తిరిగి వచ్చింది. 1820లో మన్రో మద్రాసు గవర్నరు అయ్యాక శిస్తు తగ్గింపు కూడా అమలుకు వచ్చింది. తగ్గించిన శిస్తు కూడా తేలికైనది కాదు, పంటలో మూడో వంతు. మన్రో ఎంత దయగలవాడైనా కంపెనీ ఖజానా నింపవలసిన ఉద్యోగే.

అయినా ఈ సీమ ప్రజలు ఆయనను ఆత్మీయుడుగానే తలచుకొన్నారు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకొన్నారు.

1827లో పదవి వదలి స్వదేశం వెళ్ళబోయే ముందు మన్రో దత్తమండలాలను మరొక్కసారి చూడాలని బయలుదేరాడు. దారిలో కలరా సోకింది. జూలై 6న, ఇప్పటి కర్నూలు జిల్లాలోని పత్తికొండలో మరణించాడు. గుత్తిలో సమాధి చేశారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. ఆయన కన్నుమూసిన పత్తికొండలో ఆయన పేరున ఒక బావి తవ్వించి, తోపు వేయించారు.