సవరల గురువు గిడుగు రామమూర్తి పంతులుగారు

పుట్టుకచేతనే కొందఱు విద్య కర్హులనియు, కొందఱు కారనియు లోకమున నొక దురభిప్రాయము వేరూనియున్నది. మహేంద్రగిరి పాదమునను, టెక్కలి, మందస ప్రాంతపు కొండలయందును నివసించు సవరలను మైదానమువారు చిరకాలము మందబుద్ధులుగా నెంచిరి. ఆ యెంచిక యసత్యమని తమ యాచరణముచే చూపినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

వీరు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీని, వంశధారాతీరమున శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. 1875లో తండ్రి వీర్రాజుగారు గతించిరి. అంతట విశాఖపట్టణమున మేనమామగారి యింట నుండి చదువు సాగించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నుపాధ్యాయులైరి.

ఆ యేటనే తండ్రిని గోల్పోయిన సవరబాలుని గతి యెట్టిది? చదువుకొన్న బంధువు లేడు. బడి యున్నను, అచటి మాట తెలుగు. వాని యింటి మాట ముండా కుటుంబమునకు చెందిన సవర. లెక్క చదువలేనివాడు షావుకారు చెప్పిన బాకీ నొప్పుకొనవలసినదే. ఇరువురు బాలురకును భేదము బుద్ధియందు లేదు. పుట్టిన యింటియందు కలదు.

పంతులుగా రీ భేదమును గుర్తించిరి. సవరభాష తెలిసినవానిని తమ యింట నుంచుకొని, దానిని శ్రమించి నేర్చిరి. ఆ భాషలో వాచకములు రచించి, స్వంత ధనముతో బడులు పెట్టించి, సవరబాలురకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. మన్యమున తిరుగుటచే చలిజ్వరము తగిలెను. క్వయినా సేవించుటచే వినికిడి నశించెను. దొరతనమువారు పారితోషిక మియ్యబోగా, తమకు వలదనియు, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడనియు కోరిరి. 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. తెలుగువారికి వ్యావహారికభాషావాదిగా పరిచితులైన వీరి యీ రెండు కృషులకును మూలమొక్కటే: ఎవని మాటలో వానికి విద్య యందవలెను. 1936లో పర్లాకిమిడి ఒడిస్సారాష్ట్రమున చేరగా రాజమహేంద్రవరమునకు తరలివచ్చి, 1940 జనవరి 22వ తేదీని పరమపదించిరి.

సోదరులారా! మన విద్యను కేవలము స్వప్రతిభాఫలముగా నెంచుకొనుట గర్వము. అందులో నధికభాగము పుట్టిన యింటి దానము. జగత్పిత యొక్కడే యని ప్రార్థనామందిరమున పలికి, ఆయన బిడ్డలలో నొకని తక్కువగా చూచుట యసత్యోపాసన. అయాచితముగా లభించినదానిని లభింపనివానితో పంచుకొనుటయే మన ఋణవిమోచనము. పంతులుగా రట్లు చేసిరి.